నీళ్ళ లెక్కలో అబద్ధం



ఈ మారు సంధులను, సమాసాలను కొంచెం ప్రక్కన పెట్టి నీటిని గురించి వ్రాస్తున్నాను. తెలుగు పంతులుకు నీళ్ళ శుద్ధితో పనియేమి అని కొందరికి నవ్వు రావచ్చును. నీరు త్రాగే ప్రతివానికీ అందులో పని ఉన్నదనియే నా సమాధానం. పైగా నేను ఎత్తుకొన్న ప్రశ్న రసాయనశాస్త్రానికి సంబంధించినది కొంతయే. మిగిలినదంతా మాటకు, రాతకు, నమ్మకానికి సంబంధించినది. పంతులుద్యోగమంటే ఆ మూడే కదా!

కెనడా, అమెరికా వంటి దేశాలలో ఊరి నీటిశుద్ధి కేంద్రాన్ని నడిపే ఆపరేటరుకు ప్రభుత్వం ఒక ధ్రువపత్రం ఇస్తుంది. అది లేనివాడు ఆ కవాటాల మీద, క్లోరిన్ యంత్రాల మీద చేయి వేయరాదు. ఇచ్చిన పత్రాన్ని తిరిగి తీసికొనే అధికారం కూడ ఆ ప్రభుత్వానిదే. మరి ఎట్టి తప్పునకు ఆ పత్రాన్ని రద్దు చేయాలి? ఇదే నా ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పివేస్తాను: పొరబాటు చేసినవాని పత్రం నిలవాలి. తెలియనివానికి నేర్పాలి. అబద్ధం వ్రాసినవాని పత్రం పోవాలి. ఈ మూటినీ ఒకే గాట కట్టడం వలన న్యాయమూ జరుగదు, నీళ్ళూ బాగుపడవు.

ముందుగా ఒక భేదం గుర్తించాలి. ఉద్యోగం నుండి తొలగించడం వేరు, పత్రాన్ని రద్దు చేయడం వేరు. మొదటిది యజమానికి, పనివానికి మధ్య వ్యవహారం. ఈ ఊరిలో పోయిన ఉద్యోగం ప్రక్క ఊరిలో దొరకవచ్చును. రెండవది సమాజం చెప్పే మాట: 'ఇకమీదట ఏ ఊరి నీటినీ నీ చేతికి అప్పగించము' అని. ధ్రువమనగా కదలనిది. కదలనిదాన్ని కదల్చవలసి వచ్చినప్పుడు కారణం కూడ అంత బలమైనదై ఉండాలి.

గాలిలో వాదించడం కన్న జరిగిన కథను ముందుంచుకొని మాట్లాడడం మంచిది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న ఊరున్నది. అప్పటి జనాభా దాదాపు అయిదువేలు. 2000 మే నెల రెండవ వారంలో అక్కడ భారీ వర్షాలు కురిశాయి. ఊరికి నీరిచ్చే బావులలో అయిదవ సంఖ్య గల బావి లోతు తక్కువది. దాని సమీపంలోని పొలంలో వేసిన పశువుల ఎరువు నుండి సూక్ష్మజీవులు వాన నీటితోపాటు భూమిలోకి దిగి ఆ బావిని చేరాయి. వాటిలో ఈ.కోలి ఓ157:హెచ్7 అనే ప్రాణాంతకమైన జాతి, కాంపిలోబాక్టర్ అనే మరొకటి ఉన్నాయి. ఊరిలో సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. ఏడుగురు చనిపోయారు. ఎరువు వేసిన రైతు తప్పేమీ లేదనీ, అతడు సరైన పద్ధతులనే పాటించాడనీ తరువాత విచారణలో తేలింది.

ఆ విచారణ చేసిన వారు జస్టిస్ డెనిస్ ఓకానర్. వారి నివేదిక రెండు భాగాలుగా 2002లో వెలువడింది. నీటి సరఫరా నడిపిన మేనేజరు, అతని సోదరుడైన ఫోర్‌మన్ ఏమి చేశారో అందులో విపులంగా ఉన్నది. వారి పేర్లు లోకానికి తెలిసినవే. నాకు కావలసినది వారి పేర్లు కాదు, పనులు. కనుక పేర్లు వదలివేస్తున్నాను.

వారు చేసినవి ఇవి. నీటిలో వేయవలసినంత క్లోరిన్ వేయలేదు. ప్రతిదినం కొలవవలసిన శేష క్లోరిన్‌ను చాలా దినాలు కొలవనే లేదు. కొలవకుండానే పట్టికలో 0.5 అనో 0.75 అనో వ్రాశారు. పరీక్షకు పంపే నమూనాలను ఒకచోట పట్టి మరొకచోట పట్టినట్లు చీటీలు అంటించారు. ఏడవ సంఖ్య బావిని ఆ మే నెలలో కొన్ని దినాలు క్లోరిన్ యంత్రమే లేకుండ నడిపారు. మే 17వ తేదీన ప్రయోగశాల నుండి నీటిలో సూక్ష్మజీవులున్నాయని నివేదిక అందింది. జబ్బులు మొదలై, ఆరోగ్యశాఖ వారు ఫోనుచేసి అడిగినప్పుడు మేనేజరు ఆ సంగతి చెప్పకుండ నీరు బాగానే ఉన్నదన్నాడు. చివరకు మే 21న ఆరోగ్యాధికారి తన అనుమానం మీదనే, కాచి చల్లార్చిన నీటినే త్రాగవలసిందని ప్రకటన చేశాడు. ఆ తరువాత కూడ పాత పట్టికలను దిద్ది వ్రాసే పని జరిగింది.

ఈ పనులన్నిటిలో నా దృష్టికి అన్నిటికన్న ఘోరమైనది ఆ 0.5, ఆ 0.75 అంకెలు. ఎందుకో చెప్పాలంటే క్లోరిన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి.

నీటిలో క్లోరిన్ వేయగానే అది అందులోని మలినాలతోను, జీవులతోను కలిసి ఖర్చవుతుంది. అప్పులన్నీ తీర్చిన తరువాత చేతిలో మిగిలిన పైకం వలె, ఆ ఖర్చు పోగా నీటిలో మిగిలినది శేష క్లోరిన్. మన పంచాయతీ ట్యాంకుల వద్ద ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసి పసుపు రంగు వచ్చిందా అని చూచేది దీనినే. నిన్న వేసినంతే నేడూ వేశాము, కాని మిగులు తగ్గింది అంటే అర్థమేమి? నీటిలోకి క్రొత్తగా ఏదో మురికి ప్రవేశించి ఆ క్లోరిన్‌ను తినివేసిందని. అనగా ఆ అంకె ఊరికే ఒక అంకె కాదు. అది ఊరికి కట్టిన గంట. ప్రయోగశాల నుండి ఫలితం రావడానికి దినాలు పడుతుంది. ఈ గంట నిమిషాలలో మ్రోగుతుంది. కొలవకుండ 0.5 అని వ్రాసినవాడు ఆ గంట నాలుకను గుడ్డతో కట్టివేసినవాడు.

మే నెల మధ్య దినాలలో వారు నిజంగా కొలిచి ఉంటే ఈ ఉపద్రవం చాలవరకు తగ్గి ఉండేదని ఓకానర్ గారు తేల్చారు. 17వ తేదీ నివేదికను 19న ఆరోగ్యశాఖకు చెప్పి ఉంటే మూడు నాలుగు వందల మందికి జబ్బు తప్పేదనీ, అయితే మరణాలు తప్పేవి కాకపోవచ్చుననీ కూడ అన్నారు. ఈ రెండు వాక్యాలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడండి. చివర ఆడిన పెద్ద అబద్ధం కన్న, ముందు దినాలలో ఎవరి కంటా పడకుండ వ్రాసిన చిన్న అంకె ఎక్కువ కీడు చేసింది.

బడిలో పనిచేసిన వారికి ఇది క్రొత్త సంగతి కాదు. సైన్సు ప్రయోగాల రికార్డు పుస్తకాలను దిద్దే మాస్టరు, ప్రయోగం చేసి వ్రాసినవాని అంకెలను, చేయకుండ వ్రాసినవాని అంకెలను చూడగానే పోల్చుకొంటాడు. నిజంగా కొలిచినవాని అంకెలు కొంచెం అటూ ఇటూ ఊగుతాయి. కొలవనివాని అంకెలు వరుసగా, ముచ్చటగా, ఒకే తీరుగా ఉంటాయి. ప్రకృతికి అంత చక్కని దస్తూరీ ఉండదు. వాకర్టన్ పట్టికలు ఏండ్ల తరబడి అదే ముచ్చటైన దస్తూరీతో నడిచాయి. చూడవలసిన పై అధికారులు చూచి కూడ అడుగలేదు. 1998లో ప్రభుత్వ తనిఖీ జరిగి లోపాలు బయటపడినా, గట్టి ఉత్తర్వు ఏదీ రాలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అది బలమైనదే. ఆ సోదరులు దుర్మార్గులు కారు. ఊరికి కీడు తలపెట్టలేదు. తమ బావుల నీరు స్వచ్ఛమైనదని మనసారా నమ్మారు. అక్కడి సిబ్బంది క్లోరిన్ కలపని నీటిని తామే త్రాగేవారు కూడ. క్లోరిన్ వాసన వస్తున్నదని ఊరివారే ఫిర్యాదు చేసేవారు. వారి ధ్రువపత్రాలు ఎట్లా వచ్చాయి? పరీక్ష లేకుండ, అనుభవాన్ని చూచి, పాతవారికి ఊరకే ఇచ్చే పద్ధతిలో వచ్చాయి. ఈ.కోలి అంటే ఏమిటో, అది ఎంతటి ప్రమాదమో వారికి సరిగా తెలియదు. నేర్పనివాని మీద, పరీక్షించనివాని మీద ఇంత కోపమెందుకు? పై నుండి క్రింది దాక తప్పులుండగా కడపటివాని పత్రాన్ని చింపడం న్యాయమా? తిలా పాపం తలా పిడికెడు అని కదా!

ఈ ఆక్షేపణలో సగం నేను ఒప్పుకొంటాను. 1996లో ప్రభుత్వ ప్రయోగశాలలు నీటి పరీక్షలు మానివేసి ఆ పని ప్రయివేటు వారికి వదలినప్పుడు, చెడు ఫలితం వస్తే ఆరోగ్యశాఖకు తెలుపవలెనని వారిని కట్టడి చేసే నిబంధన పెట్టలేదు. అది ప్రభుత్వపు తప్పు. పరీక్ష లేకుండ పత్రమివ్వడం ప్రభుత్వపు తప్పు. అయిదవ బావి వద్ద క్లోరిన్‌ను, నీటి మురికిని నిరంతరం కొలిచే యంత్రాలుంటే ఈ ఉపద్రవమే జరిగేది కాదని నివేదిక అన్నది. అవి పెట్టించనిది కూడ పైవారి తప్పే. వీటన్నిటికీ ఆ సోదరులను బలిచేస్తే నేనూ ఒప్పుకొనను.

కాని మిగిలిన సగం ఒప్పుకొనలేను. ఈ.కోలిని గురించి తెలియకపోవడం అజ్ఞానం. కాని తాను కొలిచాడో లేదో తనకు తెలియకపోవడమంటూ ఉండదు. కొలవనివాడు 'కొలిచాను' అని వ్రాసినప్పుడు అతనికి సూక్ష్మజీవిశాస్త్రం రాకపోవచ్చును, సత్యాసత్యాలు తెలుసు. ఆ భేదం తెలియడానికి ఏ శిక్షణా అక్కరలేదు. కావున అజ్ఞానమనే గొడుగు అసత్యానికి పట్టదు.

ఇక పత్రం రద్దుకు తగిన కారణాలు ఏవి అన్న ప్రశ్నకు వస్తాను. అమెరికాలోని రాష్ట్రాల నిబంధనలలో సాధారణంగా కనిపించేవి నాలుగు: మోసంతో పత్రం సంపాదించడం, లెక్కలలో అసత్యం వ్రాయడం, తీవ్రమైన నిర్లక్ష్యం, పని చేతగాకపోవడం. ఈ నాలుగింటినీ ఒకే వరుసలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

మోసంతో సంపాదించిన పత్రం అసలు పత్రమే కాదు. దానిని రద్దు చేయడమంటే ఉన్నదాన్ని తీసివేయడం కాదు, లేనిదాన్ని లేదని చెప్పడం. ఇందులో చర్చ లేదు.

అసత్య లేఖనం నా లెక్కలో ప్రధానమైనది. తెలిసి తప్పుడు అంకె వ్రాసినట్లు ఋజువైతే, దాని వలన ఎవరికైనా జబ్బు చేసిందా లేదా అని చూడనక్కరలేదు. వాకర్టన్‌లో ఏండ్ల తరబడి అబద్ధపు అంకెలు వ్రాసినా ఎవరికీ ఏమీ కాలేదు. అదృష్టం వారిని కాపాడింది. ఏడుగురు పోయిన తరువాతనే అది నేరమైనదంటే మనం శిక్షించినది అబద్ధాన్ని కాదు, వర్షాన్ని. ఆపద వచ్చినప్పుడు వచ్చే ప్రమాద సమాచారాన్ని దాచడం కూడ ఈ కోవకే చెందుతుంది. వ్రాయకపోవడమూ ఒక రాతయే.

తీవ్ర నిర్లక్ష్యం విషయంలో ఒకసారికి, అలవాటుకు తేడా చూడాలి. యంత్రం చెడినదని తెలిసి దినాల తరబడి నీరు వదలినవాని పత్రం పోవచ్చును. ఒక రాత్రి కునుకు తీసినవానిని కొంతకాలం ఆపి, హెచ్చరించి, మరల పనిలో పెట్టవచ్చును.

చేతగానితనానికి మాత్రం మొదటి మందు రద్దు కాదు, బోధన. పరీక్ష తప్పిన పిల్లవానిని బడి నుండి వెళ్ళగొట్టము కదా, మరల చదివిస్తాము. నేర్పిన తరువాత కూడ రాకపోతే అప్పుడు వేరే పనికి పంపాలి. ఓకానర్ గారు కూడ పరీక్ష లేకుండ పత్రాలు పొందిన పాతవారందరినీ వెంటనే వెళ్ళగొట్టమనలేదు. రెండేండ్లలోగా పరీక్షలో ఉత్తీర్ణులు కావలెననీ, తరువాత కూడ నియమిత కాలానికి పత్రాన్ని క్రొత్తగా పొందవలెననీ సిఫారసు చేశారు. అది పెద్దమనిషి తీర్పు.

ఇక నిజాయితీతో చేసిన పొరబాటు. దానికి పత్రం తీసివేస్తే ఏమవుతుంది? పొరబాటు చేసిన ప్రతివాడూ దాచడం నేర్చుకొంటాడు. 'అయ్యా, ఈ రాత్రి మందు తక్కువ పడింది, ఇప్పుడే చూచాను' అని తానై ఫోను చేసినవానిని కాపాడాలి. ఆ ఫోను పిలుపు విలువ వంద తనిఖీల పెట్టు. పొరబాటును చెప్పినవానికి, దాచినవానికి ఒకే శిక్ష వేసే ఊరు త్వరలోనే దాచేవారితో నిండిపోతుంది.

మరొక చిక్కు ప్రశ్న ఉన్నది. పైవాడు చెప్పగా చేస్తే? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే నగరానికి 2014 ఏప్రిల్ 25న నీటి మూలాన్ని మార్చి ఫ్లింట్ నది నీరు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ నీరు పాత గొట్టాలను తినివేయకుండ వేయవలసిన మందు వేయలేదు. సీసం నీటిలోకి దిగింది. ఆ మార్పునకు కొద్ది దినాల ముందే అక్కడి శుద్ధి కేంద్రంలో నీటి నాణ్యతను చూచే ఉద్యోగి ఒకరు, కేంద్రం ఇంకా సిద్ధంగా లేదనీ, ఇప్పుడు నీరు వదిలితే అది తన సూచనకు విరుద్ధమనీ రాష్ట్ర అధికారులకు వ్రాశారు. ఎవరూ వినలేదు. నీరు వదిలారు. 2016లో ఆ ఉద్యోగి మీద కూడ కేసు పెట్టారు. సీసం పరీక్షల నివేదికను మార్చారన్న పెద్ద అభియోగాన్ని, విచారణకు సహకరించినందున, ఉపసంహరించారు. కర్తవ్యోపేక్ష అనే చిన్న నేరానికి వారు ప్రతివాదన చేయక తలవంచారు.

ఈ కథ నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. హెచ్చరించినది ఆయనే, చివరకు లొంగినదీ ఆయనే. ధ్రువపత్రానికి ఉన్న అసలు ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది. అది పనివానిని భయపెట్టే కొరడా మాత్రమే కాదు, అతనికి వెన్నెముక కావాలి. 'అయ్యా, మీరు చెప్పినట్లు చేస్తే నా పత్రం పోతుంది, నేను చేయను' అని పైవానితో అనగలిగే ధైర్యాన్ని ఆ కాగితం ఇవ్వాలి. అందుకు చట్టంలో రెండు మాటలుండాలి. ఆజ్ఞ మీద చేశాననడం శిక్షను తగ్గించవచ్చును గాని తప్పును తుడిచివేయదు అన్నది ఒకటి. ఆజ్ఞ ఇచ్చినవాడు ఇంకా పెద్ద దోషి అన్నది రెండవది. మొదటిది మాత్రమే ఉండి రెండవది లేకపోతే బీదవాని మెడకే ఉచ్చు. రెండవది ఉండి మొదటిది లేకపోతే ఎవరికీ బాధ్యత లేదు.

రద్దు చేసే పద్ధతి కూడ న్యాయంగా ఉండాలి. ఆరోపణను వ్రాతమూలకంగా ఇవ్వాలి. అతని మాట వినాలి. పై విచారణకు అవకాశముండాలి. కాని విచారణ ముగిసేదాక నీళ్ళ మీటలు అతని చేతిలో ఉండరాదు. ప్రజలకు అనుమానం వచ్చిన కాపలాదారును దోషమేదీ తేలక ముందు దూషించరాదు, కాపలాలోనూ ఉంచరాదు. వాకర్టన్ సోదరులు తుదకు 2004లో న్యాయస్థానంలో తప్పు ఒప్పుకొన్నారు. మేనేజరుకు ఒక సంవత్సరం జైలు, ఫోర్‌మన్‌కు తొమ్మిది నెలల గృహనిర్బంధం విధించారు. చాలదని కొందరు, ఎక్కువని కొందరు అన్నారు. నాకు శిక్ష కొలతతో పని లేదు. జైలు గడువు తీరుతుంది. తీరిన తరువాత ఆ మీటలు మరల అదే చేతికి రాకుండ చూచేది జైలు కాదు, పత్రం రద్దే.

మన సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. మన పల్లెలలో పూర్వం నీరటి ఉండేవాడు. చెరువు తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంత నీరు అన్నది చూడడం అతని పని. అతనికి కాగితం లేదు, పంటలో మేర ఉండేది. ఒకని మడికి దొంగచాటుగా నీరు వదిలితే మరునాటికి ఊరంతటికీ తెలిసేది, ఎందుకంటే ఎండిన మడి అందరి కంటికీ కనబడుతుంది. క్లోరిన్ చాలని నీరు కంటికి కనబడదు. అది తేటగానే ఉంటుంది, చల్లగానే ఉంటుంది. ఊరు చూడలేనిదాన్ని ఊరి తరఫున చూచి వ్రాసేవాడే నేటి ఆపరేటరు. మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల శేష క్లోరిన్ మిగలాలి. ఆ 0.2ను ఎవరు కొలుస్తున్నారు, ఏ పుస్తకంలో వ్రాస్తున్నారు, ఆ పుస్తకాన్ని ఎవరు చూస్తున్నారు? 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీరు త్రాగి జనం చనిపోయినప్పుడు, కొందరి సస్పెన్షన్ల వార్తతో పాటు ఈ ప్రశ్నలు కూడ అడుగవలసింది.

విదేశాలలో ఉండి ఈ బ్లాగు చదివే పిల్లలు చాలామంది ఇంజనీర్లు. మీ ఊరి నీటి నివేదికలు మీకు అందుబాటులో ఉంటాయి. ఒకసారి తెరచి చూడండి. ఇక్కడున్నవారు మీ పంచాయతీలోనో, పురపాలక సంఘంలోనో క్లోరిన్ పుస్తకం చూపమని మర్యాదగా అడగండి. అంకెలు అటూ ఇటూ ఊగుతున్నాయా, లేక నెల పొడుగునా ముచ్చటగా ఒకే తీరున ఉన్నాయా అన్నది మాత్రం చూడండి. ఊగుతుంటే కొలిచినవానికి ఒక నమస్కారం పెట్టి రండి. అతడు మీ ప్రాణం కాపాడుతున్నాడు.

కంచె చేను మేసినప్పుడు కంచెను మార్చాలి. కాని ముల్లు విరిగిన ప్రతి కంచెనూ పీకివేస్తే చేనుకు కాపలాయే ఉండదు. ఈ రెండింటికీ నడుమ గీత ఎక్కడ గీయాలో నాకు తోచినట్లు గీశాను. మీకు వేరుగా తోస్తే నిస్సంకోచంగా వ్రాయండి. ముఖ్యంగా ఆజ్ఞ మీద తప్పు చేసినవాని విషయంలో మీ ఆలోచన తెలిసికోవాలని ఉన్నది.

స్వస్తి.